నోరు మెదపకూడని చెక్క
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదికకు రెండు పక్కలా నిలబెట్టిన నల్లటి పెట్టెల గురించి మాట్లాడమని అధ్యక్షులవారు నాకు పది నిమిషాలు ఇచ్చారు. పొద్దుటి నుంచి చాలామంది వాటిని బీరువాలనుకున్నారు. ఒక అక్కయ్య అయితే తన హ్యాండ్‌బ్యాగు లోపల పెట్టుకోవచ్చా అని అడిగింది. అవి సబ్‌వూఫర్లు. మామూలు స్పీకర్లు పలకలేని అడుగు స్వరాలను పలికించడమే వాటి పని. పాటలో మాటా, రాగమూ అవి పలకవు. మృదంగం ఎడమవైపు మూతలోంచి వచ్చే గుంభనం, డోలు దెబ్బ కింద ఉండే బరువు, అంతవరకే. మా ఇంటి వెనక రేకుల షెడ్డులో తయారయ్యాయి.

ఇంత పెద్దవి ఎందుకంటారా? చెవికి వినిపించే ధ్వని సుమారు 20 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. 20 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు గాలిలో 17 మీటర్లు. మనం కూర్చున్న ఈ హాలు వెడల్పు కూడా అంత ఉండదు. అంత పొడుగు తరంగాన్ని లేపాలంటే చాలా గాలిని కదపాలి. లెక్క ఏమిటంటే, స్వరం ఒక స్థాయి దిగి పౌనఃపున్యం సగమైతే, అదే తీవ్రత రావడానికి నాలుగు రెట్లు గాలి కదలాలి. 80 నుంచి 40కి వస్తే నాలుగు రెట్లు, 20కి వస్తే పదహారు రెట్లు. అందుకే 18 అంగుళాల స్పీకరు, అందుకే ఈ పెట్టె. బయటి కొలత 90 సెంటీమీటర్ల ఎత్తు, 60 వెడల్పు, 60 లోతు. లోపల 275 లీటర్లు. మధ్యలో పెట్టిన పలకలు, స్పీకరు ఆక్రమించింది పోగా దాదాపు 255 లీటర్లు మిగులుతుంది.

ఇది మూసిన పెట్టె. ఎక్కడా రంధ్రం ఉండదు. లోపలి గాలే స్ప్రింగులా పనిచేసి స్పీకరు కోన్‌ను వెనక్కి తెస్తుంది. ఈ పద్ధతిని అమెరికాలో ఎడ్గార్ విల్చర్ 1954లో ఏఆర్-1 అనే స్పీకరుతో మార్కెట్లోకి తెచ్చాడు. ఏ స్పీకరుకు ఎంత పెట్టె కావాలో కాగితం మీద లెక్క కట్టే దారి ఆ తరవాత వచ్చింది. ఆస్ట్రేలియా ఇంజనీరు నెవిల్ థీల్ 1961లో వేసిన బాటను రిచర్డ్ స్మాల్ 1970లలో పొడిగించాడు. ఇప్పుడు స్పీకరుతో పాటు వచ్చే కాగితంలో థీల్-స్మాల్ అంకెలు చూసుకుంటే చాలు, పెట్టె కొలత తేలిపోతుంది.

కొలత తేలడం మాత్రం సులువైన సగమే. మా ఫిజిక్స్ మాస్టారు ఇక్కడే ఉన్నారు కాబట్టి ఇంకో లెక్క చెబుతాను, తప్పయితే కోప్పడతారు. 18 అంగుళాల కోన్ ఒక్క సెంటీమీటరు లోపలికి కదిలితే సుమారు 1.2 లీటర్ల గాలి నొక్కుకుపోతుంది. 255 లీటర్ల పెట్టెలో దానివల్ల పెరిగే ఒత్తిడిని ఒక పక్క పలక మొత్తం మీద లెక్కవేస్తే దాదాపు 33 కిలోల తోపుడు. కోన్ వెనక్కి వెళ్లినప్పుడు అంతే లాగుడు. 30 హెర్ట్జ్ స్వరమైతే సెకనుకు ముప్పైసార్లు తోపుడు, ముప్పైసార్లు లాగుడు. ఒక మనిషి లోపల కూర్చుని పలకను సెకనుకు ముప్పైసార్లు భుజంతో గుద్దుతున్నట్టు ఊహించుకోండి. మేకులు కొట్టి వదిలేసిన అతుకు కొన్నాళ్లకు పట్టు విడుస్తుంది. సన్నటి సందు పడగానే గాలి బుస్సుమంటుంది, గాలి స్ప్రింగు పోతుంది, దానితో మనం కోరుకున్న అడుగు స్వరమూ పోతుంది. అతుకు అందం కోసమేనని చాలామంది అనుకుంటారు. ఈ పెట్టెలో మాత్రం శబ్దం నిలబడేది అతుకుల మీదే.

లెక్కలు నావి. అతుకులు నావి కావు. 1986 పదో తరగతిలో నా పక్క బెంచీ వాడివి. వాడి పేరు చెప్పవద్దన్నాడు. వెనక స్తంభం పక్కన కూర్చున్నాడు, ఎవరూ వెనక్కి తిరగకండి, లేచి వెళ్లిపోతాడు.

ఎనిమిదో తరగతిలో మనకు వారానికి రెండు పీరియడ్లు క్రాఫ్ట్ ఉండేది. మాస్టారు ముప్పైమందికి నాలుగు రంపాలు పంచేవారు. మేమంతా ఒక పీటకు నాలుగు కాళ్లు బిగించి, అది ఊగుతుంటే ఏ కాలు కొయ్యాలో తెలియక కొట్టుకునేవాళ్లం. వాడిది ఊగేది కాదు. తాత, తండ్రి వడ్రంగం చేసిన ఇల్లు. కానీ క్రాఫ్టుకు మార్కులు లేవు. ప్రోగ్రెస్ కార్డులో వాడి చేతికి గడి లేదు. ఇంగ్లీషులో, లెక్కల్లో తక్కువ వచ్చాయని వాడిని వెనక బెంచీకి పంపారు. పది తరవాత వాడు చదవలేదు.

పెట్టెలు చేద్దామని అడిగినప్పుడు వాడు మొదట అడిగింది ప్లైవుడ్ ఎక్కడ కొంటావని. ఎండీఎఫ్ బోర్డు సంగతి ఎత్తాను. లోపలంతా ఒకే తీరుగా ఉంటుంది, స్పీకర్లకు మంచిదే. కాకపోతే మన వానాకాలపు తేమకు అంచులు ఉబ్బుతాయి, అంచులో స్క్రూ దింపితే పగులుతుంది. వద్దన్నాడు. ఐఎస్ 710 ముద్ర ఉన్న 18 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్ తీసుకున్నాం. ముద్ర ఉంటే సరిపోతుందనుకున్నాను నేను. వాడు షీట్లను గోడకు ఆనించి, వేలి కణుపుతో జానెడు జానెడు తడుతూ పోయాడు. లోపలి పొరల్లో ఖాళీ ఉన్నచోట చప్పుడు డొల్లగా వస్తుంది. ఆ ఖాళీ అతుకు దగ్గర పడితే గాలికి దారి, పలక మధ్యలో పడితే జుయ్యిమనే మోత. పదకొండు షీట్లు తట్టి మూడు తీశాడు. కొట్టువాడు మమ్మల్ని త్వరగా పంపేస్తే చాలనుకున్నాడు.

మూడే ఎందుకు? ఒక్కో పెట్టెకు పెద్ద ముక్కలు ఐదు, చదరపు ముక్కలు నాలుగు. ముందు పలక రెండు పొరలు కాబట్టి ఐదు. రెండు పెట్టెలకు పెద్దవి పది, చిన్నవి ఎనిమిది. ఎనిమిది బై నాలుగు అడుగుల షీటులో పెద్దవి నాలుగు, చిన్నవి రెండు వస్తాయి. మూడు షీట్లలో పన్నెండు, ఆరు. మిగిలిన రెండు పెద్దవాటిని చిన్నవి చేస్తే లెక్క సరి, మిగులు సున్నా. ఒక్క కోత వంకర పోయినా నాలుగో షీటు కొనాల్సిందే. వాడు గీత గీసేటప్పుడు పెన్సిల్ వాడలేదు, చాకు మొనతో గీశాడు. అలా పై పొర ముందే తెగి ఉంటే రంపం వెళ్లినప్పుడు అంచు లేచిపోదు. ముందు పలకల్లోంచి 42 సెంటీమీటర్ల గుండ్రటి ముక్కలు నాలుగు వచ్చాయి. అవి మా ఇంట్లో పీటలయ్యాయి, ఊగవు.

ఇక అతుకు. పలకను పలకకు ఊరికే ఆనించి జిగురు పెడితే, జిగురు పట్టేది 18 మిల్లీమీటర్ల వెడల్పు మాత్రమే. మూలల్లో 9 మిల్లీమీటర్ల లోతు మెట్టు తీస్తే 27 అవుతుంది. మధ్య పలకలకు 6 మిల్లీమీటర్ల గాడి తీస్తే అడుగు 18, రెండు గోడలు ఆరేసి, మొత్తం 30. అంతకన్నా ముఖ్యం, గాడిలో కూర్చున్న పలక జిగురు ఆరేలోపు జారదు. షీటు మీద 18 అని ఉన్నా అసలు మందం కొంచెం అటూ ఇటూ ఉంటుంది. అందుకని స్కేలుతో కాకుండా అదే షీటు తుంపునే కొలతగా పెట్టి గాడి తీశాం. చేత్తో నొక్కితే దిగాలి, తలకిందులు చేస్తే జారకూడదు. సుత్తి కావలసినంత బిగువైతే దిగేటప్పుడే జిగురు తుడుచుకుపోతుంది. పావురం తోక ఆకారపు అతుకులు ఈ పెట్టెకు అక్కరలేదని వాడి అభిప్రాయం, నాదీ అదే. ప్లైవుడ్‌లో అవి చూపు కోసమే. నలభై ఐదు డిగ్రీల మూల కోత బయటికి నాజూకుగా కనిపిస్తుంది కానీ, దాన్ని నేను ఫోటో ఫ్రేముకే ఒప్పుకుంటాను.

జిగురు తెల్ల ఫెవికాలే. అతుకు పొడవునా బయటికి సన్నటి పూసల వరస ఉబికితే చాలినంత ఉన్నట్టు. క్లాంపులు ఆరే ఉన్నాయి, కావలసినవి ఇరవై. పాత సైకిలు ట్యూబులను పొడుగు పట్టీలుగా కోసి, సాగదీసి పెట్టె చుట్టూ చుట్టాడు. రబ్బరు పట్టు అన్నివైపులా సమంగా పడుతుంది. తరవాత టేపుతో మూల నుంచి మూలకు కొలిచాడు. 90, 60 పలకకు కర్ణం 1082 మిల్లీమీటర్ల దగ్గర రావాలి, రెండు కర్ణాలూ సమానంగా రావాలి. నేను పైథాగరస్ అన్నాను. వాడు "మా నాన్న తలుపు చట్రానికి ఇలాగే చూసేవాడు" అన్నాడు. 24 గంటలు కదపలేదు.

లోపల రెండు చదరపు పలకలను కిటికీల్లా కోసి అడ్డంగా పెట్టాం. పక్క పలకలు గుక్కపెట్టి ఊగకుండా పట్టుకునేవి అవే. సమాన దూరాల్లో పెట్టలేదు. సమంగా విభజిస్తే ముక్కలన్నీ ఒకే స్వరానికి కలిసి మోగుతాయి. ఈ పెట్టెలకు 80 హెర్ట్జ్ దాకానే పని ఇస్తాం. చెక్క తనంతట తాను మోగే స్వరం దానికి చాలా పైన ఉండాలి.

ఇక్కడే నాకు బొబ్బిలి వీణ గుర్తొస్తుంది. గొల్లపల్లి పనివాళ్లు పనస మొద్దును తొలిచి, చెక్క పాడేదాకా పలచన చేస్తారు. మా పని దానికి సరిగ్గా తిరగబడినది. ఈ చెక్క నోరు మెదపకూడదు. పరీక్ష కూడా అలాగే. 30 హెర్ట్జ్ స్వరం పెట్టి, వెలిగించిన అగరుబత్తిని అతుకుల వెంట నెమ్మదిగా నడిపించాడు. సందు ఉన్నచోట పొగ తల ఊపుతుంది. రెండు పెట్టెల్లో కలిపి ఇరవై నాలుగు అంచులు, ఎక్కడా ఊపలేదు. సాయంత్రం మృదంగం మోగుతున్నప్పుడు పక్క పలక మీద అరచెయ్యి పెట్టి చూడండి.

ఊరేగింపుల డీజే కుర్రాళ్లు వచ్చి ఇలాంటివి ఎనిమిది చేసిపెట్టమన్నారు, మంచి డబ్బే ఇస్తామన్నారు. వద్దన్నాం. అడుగు స్వరాలు గోడల్ని లెక్కచెయ్యవు. పక్కింట్లో బాలింత ఉంటుంది, గుండెజబ్బు ముసలాయన ఉంటాడు.

మధ్యాహ్నం సర్వసభ్య సమావేశంలో ఒక తీర్మానం వస్తుంది. పాత క్రాఫ్టు గదికి ఇప్పుడు తాళం ఉంది, లోపల విరిగిన బెంచీలున్నాయి. దాన్ని స్వర్ణోత్సవ జ్ఞాపికలు దాచే గదిగా మార్చాలని ఒక ప్రతిపాదన. మళ్లీ చెక్కపని గదిగానే తెరవాలని, జూబ్లీ నిధిలోంచి పనిముట్లు కొనాలని మా బ్యాచ్ ప్రతిపాదన. ఆదివారాలు వచ్చి నేర్పడానికి వెనక స్తంభం దగ్గరి వాడు ఒప్పుకున్నాడు. జీతం వద్దన్నాడు. షరతు ఒకటే పెట్టాడు. మొదటి మూడు నెలలు పిల్లల చేతికి మిషన్లు ఇవ్వడట. రంపం, ఉలి, చిత్రిక, మూలమట్టం, అంతే. ఆడపిల్లల్ని కూడా పంపాలట. బెంచీలు బయట పెట్టించే పని ఎవరిదో మాత్రం తీర్మానంలో రాయించండి.