కాబోలో నీటి వేడిదే మాట

మెక్సికోలో కాబో సాన్ లూకాస్ అనే ఊరుంది. ఒకపక్క పసిఫిక్, ఇంకోపక్క కోర్టెజ్ సముద్రం. గాలం సరదా ఉన్నవాళ్లు ఎక్కడెక్కడి నుంచో అక్కడికి వెళ్తారు.

అక్కడ ఏ చేప పడుతుందో చెప్పేది నీటి వేడి. వేసవి ముదిరి నీళ్లు వేడెక్కితే బ్లూ మార్లిన్, డొరాడో, పసుపురెక్కల ట్యూనా వస్తాయి. అక్టోబరులో పెద్ద గాలం పోటీలే జరుగుతాయి. నీళ్లు చల్లబడ్డాయా, ఇక చారల మార్లిన్‌దే రాజ్యం. కానీ చలికాలం కోర్టెజ్ వైపు ఉత్తరగాలి జోరు ఎక్కువ. కాబట్టి వెళ్లేవాళ్లు ముందు అడగాల్సింది రెండే: నీళ్లెలా ఉన్నాయి, గాలెలా ఉంది?

మార్లిన్ అంటే మన విశాఖ మత్స్యకారుల కొమ్ముకోనమే. మనకది కూర. అక్కడ చాలామంది పడవ దాకా లాగి, మళ్లీ నీళ్లలో వదిలేస్తారు! నాకైతే ఆ వదలడం చూస్తేనే ముచ్చటేస్తుంది. మెక్సికోలో తీరం నుంచి 50 నాటికల్ మైళ్ల లోపు మార్లిన్, డొరాడో సరదా వేటకే. అమ్ముకోవడానికి పడితే చట్టం ఊరుకోదు.