తల్లి వెళ్ళిపోయాక మిగిలే బాధ్యత

సర్వ స్తోత్రాలూ అల్లాహ్‌కే. అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పైనా, వారి కుటుంబీకులపైనా, సహచరులపైనా శాంతి, శుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా!

ఈ వారం మనమంతా ఒక మాతృమూర్తి జనాజా నమాజులో నిలబడ్డాము. ఆమె మనలో కొందరికి అమ్మ, కొందరికి నానీ, మరికొందరికి దాదీ. మొహల్లాలో ఎందరో పిల్లలకు ఖాయిదా నేర్పిన గురువు. ఫజ్ర్ అజాన్‌కు ముందే లేచి, మనవలను పేరుపేరునా పిలిచి నమాజుకు లేపేవారు. బియ్యం కడిగే ప్రతి పూటా ఒక పిడికెడు విడిగా తీసిపెట్టి, నెలాఖరున ఒక పేద ఇంటికి చేరవేసేవారు. ఆ ఇంటివారు వచ్చి కన్నీళ్ళతో చెబితేనే ఆ సంగతి మనకు తెలిసింది.

దుఃఖించడం విశ్వాసానికి విరుద్ధం కాదు. చిన్నారి కుమారుడు ఇబ్రాహీం మరణించినప్పుడు దైవప్రవక్త (స) కన్నీరు కార్చారు. అయితే ప్రభువుకు ఇష్టం లేని మాట ఒక్కటీ వారి నోట రాలేదు. మనకు ఆదర్శం అదే.

కానీ కన్నీటితోనే తల్లి హక్కు తీరదు. బలహీనతపై బలహీనతను సహించి ఆమె మనల్ని మోసిన సంగతిని, రెండేళ్ళు పాలిచ్చిన సంగతిని సూరా లుఖ్మాన్‌లో అల్లాహ్ ప్రత్యేకంగా గుర్తుచేశాడు. బాల్యంలో మనల్ని సాకిన తల్లిదండ్రులను కరుణించమని వేడుకొనే దుఆను కూడా ఆయనే నేర్పాడు. తల్లి శ్వాస ఆగినా ఆ దుఆ ఆగకూడదు.

హజ్రత్ సఅద్ బిన్ ఉబాదా (రజి) ఊరిలో లేనప్పుడు వారి తల్లి కన్నుమూశారు. ఆమె తరఫున దానం చేస్తే ఆమెకు మేలు కలుగుతుందా అని ఆయన దైవప్రవక్తను (స) అడిగారు. కలుగుతుందని వినగానే తన తోటను ఆమె తరఫున దానం చేశారు. హజ్ చేస్తానని మొక్కుకొని, చేయకుండానే మరణించిన తన తల్లి గురించి జుహైనా తెగ స్త్రీ ఒకరు అడిగినప్పుడు, దైవప్రవక్త (స) ఆ మొక్కును అప్పుతో పోల్చి, ఆమె తరఫున హజ్ చేయమన్నారు.

సోదరులారా! ఇప్పుడు మన ఇళ్ళవైపు చూసుకుందాం. తల్లి వదిలివెళ్ళిన గాజులైనా, గొలుసైనా, గజం స్థలమైనా మన ఇష్టానికి పంచుకొనేవి కావు. ముందు ఆమె అప్పులు తీర్చాలి, తర్వాత వసీయత్ నెరవేర్చాలి, ఆపైనే పంపకం. కూతుళ్ళ వాటాను సూరా నిసాలో అల్లాహ్ నిర్ణయించాడు. “పెళ్ళికి ఖర్చుపెట్టాం కదా, మాఫ్ చెయ్యమ్మా” అంటూ మొహమాటపెట్టి చెల్లెలితో సంతకం చేయించుకోవడం మాఫీ అనిపించుకోదు, అన్యాయమే అవుతుంది. తల్లి కోసం దుఆకు ఎత్తిన చేతులతోనే ఆమె కూతురి హక్కును పట్టి ఉంచవచ్చునా?

హజ్రత్ అబూబక్ర్ (రజి) ఖిలాఫత్ కాలంలో ఒక వృద్ధురాలు మనవడి ఆస్తిలో తన వాటా అడగడానికి వచ్చారు. ఖలీఫా ఆమెను ఉత్తచేతులతో పంపివేయలేదు. సహచరులను విచారించారు. అటువంటి బామ్మకు దైవప్రవక్త (స) ఆరవ వంతు ఇప్పించారని ముగీరా బిన్ షుఅబా (రజి) సాక్ష్యమిచ్చారు, ముహమ్మద్ బిన్ మస్లమా (రజి) దానిని బలపరిచారు. ఆమె వాటా ఆమెకు దక్కింది. తెలియని హక్కును వారు వెదికి మరీ ఇచ్చారు. తెలిసిన హక్కును మనం దాచిపెట్టగలమా?

తల్లి పోయాక పుట్టిల్లు కూడా పోయిందని ఆడపిల్లలు కుమిలిపోతారు. ఈద్ నాడు వారి కోసం ఆ తలుపు తెరిచే ఉంచుదాం. అమ్మ స్నేహితురాళ్ళను పలకరిద్దాం. ఆమె పిడికెడు బియ్యం ఆ పేద ఇంటికి ఇకముందూ చేరేలా చూద్దాం. నిరంతర దానం, ప్రయోజనకరమైన విద్య, దుఆ చేసే ఉత్తమ సంతానం — మరణానంతరమూ ఈ మూడింటి పుణ్యం ఆగదని దైవప్రవక్త (స) తెలిపారు. ఆమె నేర్పిన విద్య పిల్లల నాలుకలపై ఉంది. మూడవది మన చేతిలో ఉంది.

ఓ అల్లాహ్! మా తల్లులను మన్నించు. వారి సమాధులను విశాలం చేయి. వారి హక్కులను చెల్లించే శక్తిని మాకు ప్రసాదించు. ఆమీన్.