బిడ్డ వినికిడి పరీక్షకు ఆలస్యం వద్దు

 

పిలిస్తే పలకని బిడ్డను చూసి, "మాటలు ఆలస్యంగా వస్తాయిలే" అని ఇంట్లో సర్దిచెబుతుంటారు. అలా రెండు మూడేళ్లు గడిస్తే భాషకు పునాది పడే కాలం చేజారిపోతుంది.

ఒక అరుదైన చెవిటితనం గురించి చెబుతాను. లోపలి చెవిలోని రోమకణాలు శబ్దాన్ని అందుకుని నరానికి అందిస్తాయి. అందుకు ఓటోఫెర్లిన్ అనే ప్రొటీన్ కావాలి. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు వస్తే బిడ్డలో అది సరిగా తయారుకాదు. చెవి బాగున్నట్టే ఉంటుంది, శబ్దం మాత్రం మెదడుకు చేరదు. అందుకే పుట్టినప్పుడు చేసే ఓఏఈ పరీక్షలో ఇలాంటి బిడ్డ పాసైపోవచ్చు. నరం సంగతి తేల్చేది బెరా పరీక్ష.

2024 జనవరిలో లాన్సెట్ పత్రికలో షాంఘై వైద్యుల పరిశోధన వెలువడింది. సరైన జన్యువును 6 మంది పిల్లల లోపలి చెవిలోకి పంపగా 5 మందికి వినికిడి వచ్చింది. అది మన ఊరి దాకా వచ్చేలోగా కాక్లియర్ ఇంప్లాంట్ ఈ పిల్లలకు బాగా ఉపయోగపడుతుంది.

దగ్గరి చుట్టరికంలో పెళ్లిళ్లు జరిగే కుటుంబాల్లో భార్యాభర్తలిద్దరిలో ఒకే లోపం ఉండే అవకాశం ఎక్కువ. ఇది ఎవరి పాపమూ కాదు. కోడలిని నిందించడం అన్యాయం.

జకాత్ నిధి నుంచి బీద పిల్లల బెరా పరీక్షకు, దారి ఖర్చులకు కొంత కేటాయించమని కమిటీని కోరుతున్నాను. వినపడని పసిబిడ్డకు ఒక్క ఏడాది కూడా చాలా విలువైనది. అల్లాహ్ మన పిల్లలందరికీ ఆరోగ్యం ప్రసాదించుగాక. ఆమీన్.