ఫిసల్‌బండ నుంచి నెబ్యులా దాకా: పాతబస్తీ డాబా మీద ఆస్ట్రోఫోటోగ్రఫీ

సంక్రాంతి అయిపోయింది, డాబాల మీద పతంగులు దిగిపోయాయి, కరెంటు తీగలకి చుట్టుకున్న మాంజా మాత్రం అలాగే ఉంది. అంటే మనకి సీజన్ మొదలైనట్టే. ఆకాశం ఇంత క్లియర్‌గా ఉండే నెలలు హైదరాబాద్‌లో ఎక్కువ లేవు.

ఈ ఎపిసోడ్ ఒక మెసేజ్ వల్ల చేస్తున్నా. చాంద్రాయణగుట్ట దగ్గర ఉండే ఒక ఇంటర్ కుర్రాడు పంపాడు. "అన్నా, సెలవుల్ల షాపుల పని చేసి ఇరవై వేలు జమ చేసిన. టెలిస్కోప్ కొనుక్కొని నెబ్యులా ఫోటోలు తీయాలని ఉంది. మా నాన్నేమో, ఈ లైట్లల్ల నీకు చంద్రుడు తప్ప ఏం కనపడదు, పైసలు దండగ అంటున్నడు. నిజమేనా?"

తమ్ముడూ, మీ నాన్న చెప్పింది సగం నిజం. ఆ సగం ఏంటో, మిగతా సగం ఏంటో ఈ రోజు చూద్దాం. ముందు ఒక విషయం. నువ్వుండే చోటికి బండి మీద కాసేపట్లో చేరుకునే ఫిసల్‌బండ ఉంది కదా, బస్సు బోర్డు మీద రోజూ చూసే పేరే. హైదరాబాద్‌లో నక్షత్రాల ఫోటోల కథ అక్కడే మొదలైంది.

నవాబ్ జఫర్ జంగ్ అని నిజాం సర్కారులో ఒక పెద్ద మనిషి. ఇంగ్లండ్‌లో చదువుకున్నాడు, ఆకాశం పిచ్చి పట్టింది. డబ్లిన్‌లో గ్రబ్ కంపెనీ చేసిన 15 అంగుళాల రిఫ్రాక్టర్ టెలిస్కోప్ కొని, 1901లో ఫిసల్‌బండలోని తన ఎస్టేట్‌లో పెట్టించాడు. 15 అంగుళాలు అంటే ముందున్న గాజు లెన్స్ ఒక పెద్ద స్టీల్ పళ్ళెమంత అన్నమాట. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర అనుమతి తీసుకుని దానికి నిజామియా అబ్జర్వేటరీ అని పేరు పెట్టాడు, తన తర్వాత సర్కారే చూసుకోవాలని కూడా ముందే ఏర్పాటు చేశాడు. 1907లో ఆయన పోయాడు, 1908లో సర్కారు తీసుకుంది. మూసీ వరద వచ్చింది కూడా ఆ ఏడాదే. ఊరు సగం కొట్టుకుపోయిన సంవత్సరంలో ఒక టెలిస్కోప్ ఫైలు కూడా కదిలింది చూడండి, నాకు ఇది ఎప్పుడు తలుచుకున్నా విచిత్రంగా ఉంటుంది.

ఆ తర్వాత అబ్జర్వేటరీ బేగంపేటకి మారింది. అక్కడ జరిగిన పని గురించి మన స్కూల్ పుస్తకాల్లో ఒక్క లైన్ కూడా నేను చదవలేదు. 1887లో పారిస్‌లో ఒక పెద్ద ప్లాన్ వేశారు. ప్రపంచంలోని అబ్జర్వేటరీలు ఆకాశాన్ని పట్టీలు పట్టీలుగా పంచుకుని, మొత్తం ఫోటో తీసి, నక్షత్రాల లిస్టు తయారు చేయాలని. కార్ట్ దు సియెల్ అంటారు, ఫ్రెంచ్‌లో ఆకాశ పటం అని. చిలీలోని శాంటియాగోకి ఇచ్చిన పట్టీ అక్కడ ముందుకి సాగలేదు, అది హైదరాబాద్‌కి వచ్చింది. మైనస్ 17 డిగ్రీల నుంచి మైనస్ 23 డిగ్రీల దాకా. భూమి మీద అక్షాంశాలు ఎలాగో ఆకాశంలో డెక్లినేషన్ అలాగ, ఇది ఆకాశ మధ్యరేఖకి దక్షిణాన ఉన్న పట్టీ. 1914లో డైరెక్టర్‌గా వచ్చిన రాబర్ట్ పోకాక్ హయాంలో పని ఊపందుకుంది, 1918 నుంచి టి.పి. భాస్కరన్ కొనసాగించాడు. 1919లో అబ్జర్వేటరీ ఉస్మానియా యూనివర్సిటీ కిందకి వచ్చింది. ఇది అయ్యాక ఉత్తరాన 36 నుంచి 39 డిగ్రీల పట్టీ కూడా మనవాళ్ళే తీశారు.

ఫోటో అంటే ఫిల్మ్ కూడా కాదు, గాజు ప్లేటు. ఒక్కో ప్లేటు ఆకాశంలో 2 డిగ్రీలు ఇంటూ 2 డిగ్రీలు. ప్లేటు మీద 1 మిల్లీమీటర్ అంటే ఆకాశంలో 1 ఆర్క్ మినిట్. అంటే నిండు చందమామ ఆ గాజు మీద దాదాపు 30 మిల్లీమీటర్లు వస్తుంది. ఆ ప్లేటుని మైక్రోస్కోప్ కింద పెట్టి ఒక్కో చుక్క ఎక్కడ ఉందో కంటితో చూసి, కొలిచి, రాసుకోవాలి. లక్షల చుక్కలు. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఎక్సెల్ షీట్‌లో రెండు వేల లైన్లు చెక్ చేయమంటే ఏడుపొచ్చేది.

"సరే అన్నా, పాత ప్లేట్లతో ఇప్పుడేం పని?" అంటారు. ఇక్కడే నాకు మజా వచ్చేది. 1989లో హిప్పార్కస్ అనే శాటిలైట్ పైకి వెళ్ళింది, నక్షత్రాలు ఎక్కడున్నాయో చాలా కచ్చితంగా కొలిచింది. కానీ అది పని చేసింది నాలుగేళ్ళే. నక్షత్రాలు కదులుతాయి, చాలా మెల్లగా. నాలుగేళ్ళలో ఆ కదలిక సరిగ్గా పట్టుకోవడం కష్టం. ఎనభై తొంభై ఏళ్ళ కింద అదే నక్షత్రం ఎక్కడుందో తెలిస్తే? తీసివేత చేస్తే చాలు. అందుకే 2000లో వచ్చిన టైకో-2 కేటలాగ్, 25 లక్షల నక్షత్రాలది, కదలికల లెక్కకి ఆ పాత ప్లేట్ల కొలతలు వాడుకుంది. వాటిల్లో హైదరాబాద్‌వి కూడా ఉన్నాయి.

ఇప్పుడు మళ్ళీ డాబా మీదకి వద్దాం. ఫిసల్‌బండ నుంచి బేగంపేట. బేగంపేట ఊరి మధ్యలోకి వచ్చేసరికి 1960ల చివర్లో ఇబ్రహీంపట్నం దాటి జాపాల్-రంగాపూర్, అక్కడ 48 అంగుళాల టెలిస్కోప్. ఊరు పెరిగే కొద్దీ టెలిస్కోప్ ఊరి బయటికి పోతూనే ఉంది. బేగంపేటలో ఇప్పుడు ఆ పేరు మిగిలింది ఒక ఆర్థిక, సామాజిక అధ్యయన సంస్థ అడ్రస్‌లో: నిజామియా అబ్జర్వేటరీ క్యాంపస్ అని. అంత పెద్ద సంస్థలే లైట్లకి భయపడి పారిపోతే, లాల్‌దర్వాజాలో మా మూడంతస్తుల డాబా మీద నేనేం తీస్తాను?

తీస్తాను. కారణం ఫిల్టర్. ఓరియన్ నెబ్యులా లాంటివి ఎక్కువగా వేడెక్కిన వాయువులు. అవి అన్ని రంగుల్లో వెలగవు. హైడ్రోజన్ 656 నానోమీటర్ల దగ్గర ఎరుపులో, ఆక్సిజన్ 501 దగ్గర నీలి ఆకుపచ్చలో గట్టిగా వెలుగుతాయి. వీధి ఎల్‌ఈడీ మాత్రం తన కాంతిని రంగులన్నిట్లో పరిచేస్తుంది. డ్యూయల్ బ్యాండ్ ఫిల్టర్ ఆ రెండు సన్నటి కిటికీలు మాత్రమే తెరిచి మిగతాదంతా మూసేస్తుంది. చార్మినార్ వైపు లైట్లన్నీ వెలుగుతున్నా నెబ్యులా దిగుతుంది.

ఇదే ఫిల్టర్ గెలాక్సీలకి పనికి రాదు. గెలాక్సీ అంటే కోట్ల నక్షత్రాల వెలుతురు, అది కూడా అన్ని రంగుల్లోనే ఉంటుంది. లైట్లని ఆపితే గెలాక్సీ కూడా ఆగిపోతుంది. మా డాబా నుంచి ఆండ్రోమెడా తీస్తే మధ్యలో ఉండే మసక ముద్ద వస్తుంది, చేతులు రావు. మీ నాన్న చెప్పిన సగం నిజం ఇదే తమ్ముడూ. గెలాక్సీ కావాలంటే అచ్చంపేట వైపు పోవాల్సిందే. శ్రీశైలం రోడ్డులో అడవి గేట్లు రాత్రి మూసేస్తారు, అందుకే గేటు ఇవతలే ఊళ్ళో తెలిసినవాళ్ళ పొలం చూసుకోండి.

మరి ఇరవై వేలు? 525 ఎక్స్ అని డబ్బా మీద రాసి అమ్మేవి ఉంటాయి చూడు, అవి వద్దు. 60 మిల్లీమీటర్ల లెన్స్‌కి 120 ఎక్స్ దాటితే బొమ్మ పెద్దదవుతుంది, వివరం పెరగదు. ఆ డబ్బులో బైనాక్యులర్ ఒకటి, గట్టి ట్రైపాడ్ ఒకటి, సెకండ్ హ్యాండ్‌లో పాత డీఎస్ఎల్ఆర్, 50 ఎంఎం లెన్స్ ఒకటి వెతుకు. ఫిల్టర్ తర్వాత. అది కూడా లేకపోతే ఫోన్ ప్రో మోడ్‌లో 10 సెకన్లు, రా ఫైల్, టైమర్. ఒక ఫోటో చెత్తగా వస్తుంది. వంద తీసి సిరిల్ లాంటి ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో ఒకదాని మీద ఒకటి పేరిస్తే నాయిస్‌తో పోల్చినప్పుడు సిగ్నల్ పది రెట్లు బాగుపడుతుంది. నాలుగొందలు తీస్తే ఇరవై రెట్లు. ఓపికే ఇక్కడ ఖరీదైన సామాను, అది మన దగ్గర ఫ్రీ.

పాతబస్తీకే ఉన్న ఇబ్బందులు రెండు. ఒకటి ధ్రువ నక్షత్రం. తిరిగే మౌంట్ కొన్నాక దాన్ని ధ్రువ నక్షత్రం వైపు సరిచేయాలి. మన అక్షాంశం 17 డిగ్రీలు కాబట్టి అది కూడా 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, అంటే సరిగ్గా పక్కింటి నీళ్ళ ట్యాంకు వెనక. దీనికి ప్లేట్ సాల్వింగ్ వాడతాం. కనిపించే ఏదో ఒక ముక్కని ఫోటో తీస్తే, అందులోని చుక్కల అమరికని కేటలాగ్‌తో పోల్చి కెమెరా ఎటు చూస్తోందో సాఫ్ట్‌వేర్ చెప్పేస్తుంది. ఆ ప్లేట్ అనే మాట ఎక్కడిదో ఇప్పుడు మీకు తెలుసు.

రెండోది మనుషులు. ఇళ్ళు గోడకి గోడ ఆనుకుని ఉంటాయి, ఎండాకాలం అందరూ డాబాల మీదే పడుకుంటారు. రాత్రి పన్నెండుకి ఒకడు కెమెరా బిగిస్తుంటే ఎవరికైనా అనుమానం వస్తుంది. పక్క డాబా చాచా మొదటి రోజు నన్ను పట్టుకుని "కిస్కే ఘర్ కో దేఖ్‌రై బేటా?" అన్నాడు. కెమెరా స్క్రీన్ మీద చంద్రుడి గుంతలు చూపించా. అరగంటలో మనవళ్ళు, మనవరాళ్ళు, కోడళ్ళు అందరూ గోడ దగ్గర లైన్ కట్టారు. కాబట్టి కెమెరా పెట్టకముందే చుట్టుపక్కల చెప్పండి, చూపించండి. ఆడపిల్లలు డాబా మీదకి రావడానికి మన వల్ల ఇబ్బంది పడకూడదు, దీంట్లో నో కాంప్రమైజ్.

తోకచుక్కల గురించి చాలామంది అడుగుతున్నారు. 2024 అక్టోబర్‌లో సుచిన్‌షాన్-అట్లాస్ వచ్చింది కదా, పొద్దుగూకాక పడమట. ఊళ్ళోంచి కంటికి దొరకడం కష్టమైంది, కెమెరాకి దొరికింది. దాంట్లో తిరకాసు ఏంటంటే తోకచుక్క నక్షత్రాల మధ్య కదులుతూ ఉంటుంది. నక్షత్రాలని పేరిస్తే తోకచుక్క సాగిపోతుంది, తోకచుక్కని పేరిస్తే నక్షత్రాలు గీతలవుతాయి. రెండూ విడివిడిగా చేసి కలపాలి, దాని మీద వేరే వీడియో పెడతా.

తోకచుక్క అనగానే చెప్పాల్సిన పేరు వైణు బప్పు. వాళ్ళ నాన్న నిజామియాలో అసిస్టెంట్. ఈ అబ్బాయి ఆ టెలిస్కోపుల మధ్యే పెరిగాడు, చదువుకునే రోజుల్లోనే వెలుగు మారే నక్షత్రాల మీద పేపర్లు రాశాడు. హైదరాబాద్ సర్కారు స్కాలర్‌షిప్ మీద హార్వర్డ్ వెళ్ళి, 1949 జూలై 2న తీసిన ప్లేటు మీద కొత్త తోకచుక్కని పట్టాడు. అప్పటికి 22 కూడా నిండలేదు. ప్రొఫెసర్ బాక్, తోటి స్టూడెంట్ న్యూకర్క్ కలిసి లెక్క సరిచూశారు, ముగ్గురి పేర్లూ పెట్టారు. తమిళనాడులో కావలూరు పెద్ద టెలిస్కోప్‌కి ఇప్పుడు ఆయన పేరే.

ఇప్పుడు ఈ వారం పని. మన పట్టీ గుర్తుంది కదా, మైనస్ 17 నుంచి 23. యాంటెన్నా గెలాక్సీలు అందులోనే ఉన్నాయి, హీలిక్స్ నెబ్యులా అందులోనే ఉంది. వాటికి నెలలు ఆగాలి, కానీ ఎం41 ఇప్పుడే ఉంది. రాత్రి పదిన్నర ప్రాంతంలో దక్షిణం వైపు తిరగండి. అన్నిటికన్నా మెరిసే చుక్క సిరియస్, అది పట్టీ అంచుకి కొంచెం పైన ఉంటుంది. చెయ్యి చాపి అక్కడి నుంచి రెండు మూడు వేళ్ళ వెడల్పు కిందకి రండి. బైనాక్యులర్‌లో చిన్న చుక్కల గుంపు కనిపిస్తుంది, మన లైట్లలో కూడా. 50 ఎంఎం లెన్స్‌తో 6 సెకన్లవి వంద తీయండి. ఫైలు పేరులో తేదీ, టైము, ఏరియా తప్పకుండా రాయండి. వాట్సాప్‌లో వద్దు, కుదించేస్తుంది. ఒరిజినల్ ఫైల్ మెయిల్ చేయండి. వచ్చిన వాటిని బేగంపేట వాళ్ళు కొలిచిన పొజిషన్లతో పక్కపక్కన పెట్టి, వచ్చే ఎపిసోడ్‌లో లైవ్‌లో పోల్చి చూద్దాం. మబ్బు పడితే మాత్రం నన్నేమీ అనొద్దు. ఉంటా మరి.