మెదడుకు పగ్గాలు
(ప్లాటినం జూబిలీ సభలో చదివిన ప్రసంగ పాఠం)



బండి తోలేవాని చేతిలో చెర్నాకోల ఒక్కటే ఉంటే చాలదు, పగ్గాలు కూడా ఉండాలి. మెదడు విషయమూ అంతే. నాడీకణాలను ఉత్తేజపరిచే రసాయనాలు ఎంత అవసరమో, వాటిని నిలువరించే రసాయనాలూ అంతే అవసరం. నిద్ర, మత్తు, చేతిపని నేర్చుకోవడం అనే మూడింటికీ ఈ నిలువరింపే మూలం. అయితే పగ్గం ఎప్పుడు, ఎక్కడ బిగించాలో మెదడుకు తెలిసినట్లు మాత్రకు తెలియదు.

మెదడులోని ప్రధాన నిరోధక రసాయనం గాబా. అది మెదడులో ఉన్నదని 1950లో యూజీన్ రాబర్ట్స్ మొదలైన శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అది పనిచేసే గ్రాహకాలలో ముఖ్యమైనది గాబా-ఎ. ఐదు ప్రోటీన్ భాగాలు వలయంగా అమరి, నడుమ సన్నని ద్వారం ఏర్పడుతుంది. గాబా వచ్చి తగులుకోగానే ఆ ద్వారం తెరుచుకొని, ఋణావేశం గల క్లోరైడ్ అయాన్లు కణంలోకి ప్రవేశిస్తాయి. అప్పుడు ఆ కణం సంకేతం పంపడానికి సులభంగా పూనుకోదు.

నిద్ర అంటే మెదడు అలసి ఆగిపోవడం కాదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో వ్యాపించిన మెదడువాపు వ్యాధిని వియన్నాలో వాన్ ఎకొనోమో పరిశీలించాడు. హైపోథాలమస్ ముందుభాగం దెబ్బతిన్న రోగులకు నిద్ర పట్టలేదు. నిద్రను కలిగించే స్థానం అక్కడ ఉన్నదని ఆయన ఊహించాడు. నిద్రవేళ ఆ ప్రాంతంలో చురుకయ్యే కణాలను 1996లో అమెరికా పరిశోధకులు ఎలుకలలో గుర్తించారు. అవి గాబాను విడుదల చేసి, మేలుకొలుపు కేంద్రాలను శాంతింపజేస్తాయి.

ఇక అభ్యాసం. కోలాటం నేర్చుకునే బాలిక మొదటిరోజు చేతితోపాటు భుజం, మెడ కూడా బిగబట్టుకుంటుంది. నేర్చుకోవడమంటే కొత్త కదలికను చేర్చుకోవడమే కాదు, అక్కరలేని కదలికను విడిచిపెట్టడం కూడా. ఈ పనిలో అనుమస్తిష్కానిది పెద్దపాత్ర. దాని పైపొర నుండి వెలుపలికి సంకేతం పంపేవి పుర్కింజే కణాలు మాత్రమే. 1837లో వర్ణింపబడిన ఈ కణాలు గాబా ద్వారా నిరోధాన్నే పంపుతాయని 1960 దశకంలో జపాను శాస్త్రజ్ఞుడు మసావో ఇటో నిరూపించాడు. తప్పు జరిగిన ప్రతిసారీ ఆ కణాలకు వచ్చే సంకేతాల బలం కొద్దికొద్దిగా సవరింపబడుతుంది.

పగ్గం బిగించడమే కాదు, సడలించడమూ అవసరమే. చేతికదలిక నేర్చుకునే సమయంలో మోటార్ కార్టెక్స్‌లో గాబా తగ్గుతుందని 2006లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు చూపారు. అంతకు ముందే, 2000లో, లోరజిపామ్ అనే మత్తుమందు ఇచ్చినప్పుడు అభ్యాసం వల్ల కలగవలసిన మార్పు తగ్గిపోయినట్లు తేలింది.

నేర్చినది నిద్రలో స్థిరపడుతుంది. 2002లో హార్వర్డ్‌లో కొందరికి వేళ్లతో ఒక వరుసక్రమం నేర్పి పరీక్షించగా, రాత్రి నిద్ర తరువాత వారి వేగం సుమారు 20 శాతం పెరిగింది. ఈ మేలు ఎంత అన్న విషయంలో తరువాత భేదాభిప్రాయాలు వచ్చాయి. అయినా, నిద్రలో కదురు ఆకారంలో కనిపించే విద్యుత్ తరంగాలకు, అభ్యాసానికి సంబంధం ఉన్నదని అనేక పరిశోధనలు సూచించాయి. ఆ తరంగాలను పుట్టించేవి కూడా థాలమస్‌ను ఆవరించి ఉన్న గాబా కణాలే.

మరి మాత్ర వేసుకుంటే వచ్చే నిద్ర? లియో స్టెర్న్‌బాక్ రూపొందించిన డైజిపామ్ 1963లో మార్కెట్టులోకి వచ్చింది. అది గాబా స్థానంలో కూర్చోదు. గ్రాహకంపై మరొకచోట చేరి, గాబా వల్ల ద్వారం మరింత తరచుగా తెరుచుకునేటట్లు చేస్తుంది. మూర్ఛను ఆపడానికి, శస్త్రచికిత్సకు ముందు ఆందోళన తగ్గించడానికి అది గొప్ప ఔషధం. కాని అది రక్తంలో కలిసి, తాను పనిచేయగల గ్రాహకాలన్నింటిపైనా ఒకేసారి పగ్గం బిగిస్తుంది. అందుకే నిద్రతోపాటు నడక తూలుతుంది, జ్ఞాపకం మసకబారుతుంది. మద్యం కూడా ఇదే దారిన పనిచేస్తుంది కనుక రెండూ కలిస్తే శ్వాస ఆగే ప్రమాదం ఉన్నది.

దీని ఫలితాన్ని తెలుగునేల కళ్లారా చూచింది. తెలంగాణలో కల్లులో డైజిపామ్, ఆల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్ వంటివి కలిపి అమ్మే దురాచారం ఏళ్ల తరబడి సాగింది. 2015లో కల్తీని అరికట్టబోగా, నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాలలో ఎందరో కూలి జనం వణుకు, మతిభ్రమణ, మూర్ఛలతో ఆసుపత్రుల పాలయ్యారు. కారణం స్పష్టమే. నిత్యం మత్తుకు లోనైన గ్రాహకాలు దానికి తగినట్లు మారి, స్పందన తగ్గించుకుంటాయి. మత్తు హఠాత్తుగా ఆగితే పగ్గం తెగిన బండి అవుతుంది మెదడు. అందుచేత ఇటువంటి మందులకు అలవాటుపడినవారు వైద్యుని పర్యవేక్షణలో క్రమక్రమంగానే మానుకోవాలి.

డెంకణికోట వాసులకు ఇది దూరపు ముచ్చట కాదు. ఏనుగుల రాకకు వెరచి రాగిచేను వద్ద రాత్రంతా కావలి ఉండే రైతు, హోసూరు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేసి వచ్చే తండ్రి, పరీక్షల ముందు తెల్లవార్లూ చదివే విద్యార్థి, ముగ్గురూ నిద్రకు బాకీ పడినవారే. షిఫ్టు దిగి వచ్చిన తండ్రికి పగటిపూట చీకటి గది, నిశ్శబ్దం కల్పించడం ఇంటివారి ధర్మం. నిద్ర పట్టనివారు ఇరుగుపొరుగు ఇచ్చిన మాత్ర మింగక, వైద్యుని సలహా తీసుకోవాలి.

విద్యార్థులారా, దస్తూరీ అయినా, వీణ అయినా, కోలాటమైనా సాయంత్రం శ్రద్ధగా సాధన చేయండి. ఆపై వేళకు పడుకోండి. మిగిలిన పనిని చీకట్లో మెదడు తానే సాగిస్తుంది.