ముఖమే పూచీగా ఉన్న నాడు - రసీదే పూచీ అయిన నేడు
(గ్రామ సభలో చేసిన ప్రసంగ పాఠము)



వెనుకటి సరుకు గట్టిది, నేటి సరుకు నాసిది అను మాట ప్రతి రచ్చబండ మీదను వినవచ్చుచున్నది. నెల తిరుగక మునుపే పిడి ఊడిన కొడవలి, రెండు ఉతుకులకే రంగు విడిచిన చీర, ఒక్క వేసవికే కాలిపోయిన పంపు మోటారు - వీనిని గూర్చి చెప్పుకొనని ఇల్లు లేదు. ఇందుకు కారణమేమో, మనము చేయదగినదేమో నేడు కొంచెము ఆలోచింతము.

వెనుక కర్రు సాగగొట్టిన కమ్మరి, కుండ చేసిన కుమ్మరి, గానుగ ఆడించిన తెలికలవారు మన నడుమనే ఉండిరి. కర్రు వంగినచో రైతు తిన్నగా కొలిమి కడకే పోయెడివాడు. పంట నాడు కళ్లమునకు వచ్చి మేర అందుకొనవలసిన పనివాడు చెడ్డపని చేయుటకు జంకును. నాడు చేసినవాని ముఖమే పూచీ. నేడు చేయువాడొక చోట, అమ్మువాడొక చోట, కొనువారమొక చోట. సరుకు చెడినచో ఎవరిని అడుగవలెనో తెలియదు.

గతమంతయు బంగారమని మేము చెప్పుట లేదు. నేతిలో, నూనెలో కల్తీ నాడును కలదు. కనుకనే 1954లో ఆహార కల్తీ నిరోధక చట్టము వచ్చినది. రూపాయి తగ్గినదని నాసి సరుకునే ఎన్నుకొనుచున్న మన తప్పును కొంత కలదు.

అన్నిటికంటె ముఖ్యమైనది విత్తనము. చీర వెలిసినచో పోవునది చీర వెలయే. విత్తనము మొలవకున్నచో పోవునది ఒక ఏటి బ్రదుకు. ఒకనాడు విత్తనము మన గాదెలోనిదే. నేడది సంచిలో వచ్చుచున్నది. కావున సంచిని చదువుట నేర్వవలెను. ధ్రువీకృత విత్తనపు సంచికి నీలి చీటి ఉండును. దానిపై లాటు సంఖ్య, పరీక్షించిన తేదీ, గడువు తేదీ చూడవలెను. ధ్రువీకృత వరి విత్తనము నూటికి 80కి తక్కువగాక మొలకెత్తవలెను. వేరుసెనగ 70కి తక్కువగాక మొలకెత్తవలెను. దీనిని ఇంటనే పరీక్షింపవచ్చును. నూరు గింజలను తడి గోనెగుడ్డలో వరుసగా పరచి, చుట్టి, ఆరకుండ నీరు చిలుకరించుచు, కొన్ని దినముల పిమ్మట మొలకలను లెక్కింపుడు. లెక్క తగ్గినచో నారు పోయక మునుపే మేలుకొనవచ్చును.

రసీదు లేనిదే ఏదియు కొనవలదు. రసీదును, ఖాళీ సంచిని, చీటిని, గుప్పెడు గింజలను పంట చేతికి వచ్చువరకు దాచుడు. మొలక రానిచో వెంటనే మండల వ్యవసాయాధికారికి చెప్పి, పొలము చూపి, వ్రాతమూలకముగ నివేదిక కోరుడు.

నష్టపరిహారమునకు మార్గము కలదు. వినియోగదారుల రక్షణ చట్టము మొదట 1986లో వచ్చినది. దాని స్థానమున 2019 నాటి చట్టము 2020 జూలై నుండి అమలులో ఉన్నది. దీని ప్రకారము మనము నివసించు జిల్లాలోనే, రెండేండ్ల లోపల, జిల్లా కమిషనులో ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన వెల 5 లక్షల రూపాయలు మించనిచో రుసుము లేదు. వకీలు లేకున్నను చెల్లును. సలహాకు 1915 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును.

రైతు మాట ఎవరు విందురని నిరాశ పడవలదు. లోపము గల విత్తనములను గూర్చి మన ఆంధ్రప్రదేశ్ రైతులే వ్యాజ్యము తెచ్చిరి. విత్తనము కొన్న రైతు కూడ వినియోగదారుడేనని 2012లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పి, విత్తన సంస్థ అప్పీళ్లను కొట్టివేసినది. నాడు కొలిమి కడకు పోయి అడిగిన రైతు ధైర్యమే అది. అడుగు చోటు మాత్రమే మారినది.

అడుగువాడున్న చోట నాసి సరుకు నిలువదు. ఈ ఏరువాకకు ప్రతి ఇంటను రసీదుల కొక సంచి వ్రేలాడవలెనని మా కోరిక.