పాత తుపాకుల గతి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



గ్రంథాలయ సభలో తుపాకుల ప్రసక్తి యేమని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. ఇరువదియైదేండ్లుగా ఈ గదిలో పుస్తకములను చెదలు పట్టకుండ కాపాడినవారితోనే ఈ మాట చెప్పవలెనని నాకు తోచినది.

ఎన్నికలు వచ్చినప్పుడెల్ల లైసెన్సు తుపాకి గలవారు దానిని ఠాణాలో అప్పగించి రసీదు తెచ్చుకొనుట మీరు చూచినదే. ఆ రసీదులో తుపాకి నంబరుండును, యజమాని పేరుండును. దానిని ఏ కమ్మరి చేసెనో, ఎవరెవరి చేతులు మారి వచ్చినదో ఉండదు. ఠాణావారికి అది అక్కరలేదు; వారి పని శాంతిని కాపాడుట. ఆ మిగిలిన సంగతి వ్రాసికొను పని ఎవరిది?

మన పల్లెలలో కొన్ని ఇండ్లయందు భర్మారు తుపాకులుండెడివి. గొట్టము మూతినుండి మందు పోసి, గుడ్డపీలిక కూరి, సీసపు గుండ్లు వేసి, గజముతో దట్టించి, టోపీ పెట్టి కాల్చవలెను. ఒక దెబ్బ కాల్చి రెండవదానికి సిద్ధపడులోపల అడవిపంది చేను దాటి పోవును. అట్టి తుపాకులతోనే, వడిసెలలతోనే, భైరాన్‌పల్లి ప్రజలు రజాకార్లనెదిరించిరి. నేడు ఆ ఊరు మన సిద్దిపేట జిల్లాలోనిదే. బురుజుపై కాపలా యుండి వారు ముందటి దాడులను త్రిప్పికొట్టిరి. 1948 ఆగస్టు 27న నిజాము సైనికులును, రజాకార్లును ఫిరంగులతో వచ్చి ఊరిపై పడిరి. ఆనాడు మడిసినవారు నూరుమందికి అటునిటుగా నుందురు. తరువాత పదునేడు దినములకు, సెప్టెంబరు 13న, భారత సైన్యము హైదరాబాదు సంస్థానమున ప్రవేశించెను. బురుజు నేటికిని నిలిచియున్నది. అక్కడికి పోయిన బాలుడు మా తాత పట్టిన తుపాకి ఏదని అడిగినచో మనము రాతిగోడను చూపవలసినదే.

ఏలయన, సైనిక చర్య తరువాత ఆయుధములు రాబట్టు కాలము వచ్చెను. రజాకార్ల తుపాకులు పోయినవి. సాయుధ పోరాటము సాగినన్నాళ్లు సాగి, 1951 అక్టోబరులో కమ్యూనిస్టు పార్టీ దానిని విరమించెను. కొన్ని ఆయుధములు అప్పగింపబడినవి. కొన్ని భూమిలో పాతిపెట్టబడినవి. కొన్ని బావుల పాలైనవి. అప్పగించినవాడు పేరు చెప్పుటకు జంకెను, దాచినవాడు చోటు చెప్పుటకు జంకెను. చరిత్ర ఆ జంకులోనే మునిగినది.

ధనమిచ్చి ఆయుధములు దింపించుట లోకమునకు క్రొత్త కాదు. మన హైదరాబాదులోనే 1798 అక్టోబరులో, ఫ్రెంచి సేనాని రేమండు పెంచిన పదివేలకు పైబడిన సేన, తమ జీతపు బకాయిలు ముట్టునన్న హామీపై నెత్తురు చిందకుండ ఆయుధములు దింపెను. ఆ రేమండు ఫిరంగులు పోయించిన చోటికి గన్‌ఫౌండ్రీ యను పేరు నేటికిని మిగిలినది. ఆస్ట్రేలియాలో 1996 ఏప్రిల్ 28న పోర్ట్ ఆర్థరులో ఒక్కడు 35 మందిని కాల్చి చంపగా, ఆ ప్రభుత్వము ప్రజలపై ప్రత్యేక పన్ను వేసి, ఆ సొమ్ముతో సుమారు ఆరున్నర లక్షల తుపాకులను కొని నాశనము చేయించెను. అదే యేడు మార్చిలో డన్‌బ్లేన్ బడిలో 16 మంది పసివారును, వారి ఉపాధ్యాయినియు హతులైన పిమ్మట, బ్రిటనులో పిస్తోళ్లను నిషేధించి, పరిహారమిచ్చి లక్షా అరువదివేలకు పైగా సేకరించిరి. ఆ బిడ్డల తల్లులకు ఎదుట నిలిచి, పాత పిస్తోలు అందముగా నున్నది, దానిని కరగింపకుడని చెప్పగల గుండె నాకు లేదు. అయినను ఆ చట్టమే చారిత్రక విలువ గల పిస్తోళ్లకు ఒక సందు విడిచినది: నిర్ణయించిన స్థలములలో, కట్టుదిట్టములతో వానిని భద్రపరచవచ్చును. శాంతియు నిలిచినది, వస్తువును నిలిచినది.

మన దేశమున అట్లు అందరి తుపాకులను వెలకు కొను పథకము లేదు. లొంగిపోయిన నక్సలైటు తెచ్చిన ఆయుధమునకు ఆయుధమును బట్టి సొమ్మిచ్చు పద్ధతి యున్నది. 2019లో ఆయుధ చట్టమును సవరించి, ఒకరికి మూడు తుపాకులుండవచ్చునన్న పరిమితిని రెండుకు దించిరి. మిగిలినది ఏడాదిలోపల ఠాణాలోనో, లైసెన్సు గల వ్యాపారివద్దనో అప్పగింపవలసివచ్చెను. తాతనాటి మూడింటిలో దేనిని విడువవలెనని తలపట్టుకొన్న ఇండ్లున్నవి.

ఇక్కడ ఒక అన్యాయము నాకు కనబడుచున్నది. దొరల గడీలలో లండను నుండి తెప్పించిన జంటగొట్టముల తుపాకులుండెడివి. పర్డీ, హాలండ్ అండ్ హాలండ్ వంటి కంపెనీలు నంబరు వారీగా చిట్టాలు వ్రాసి యుంచినవి. కనుక ఆ తుపాకి కరగిపోయినను దాని జాతకము లండనులో నుండును. మన కమ్మరి కొలిమిలో పుట్టిన భర్మారుకు ఏ చిట్టా కలదు? వెల తక్కువదని మనమే దానిని తుక్కుక్రింద లెక్కించితిమి. నిజమునకు చరిత్రలో దానికే వెల యెక్కువ.

చట్టము ఈ విషయమున పూర్తిగా కఠినము కాదు. 1959 నాటి ఆయుధ చట్టము 45వ విభాగములో, పాతకాలపు మాదిరియైనను, పురావస్తు విలువ గలదైనను, చెడిపోయినదైనను, బాగుచేసియో చేయకయో తుపాకిగా వాడుటకు వీలు లేనప్పుడు మినహాయింపు కలదు. అయినను ఎవరికి వారే తీర్పు చెప్పుకొని అటుకపై దాచవలదు. పాత గొట్టము పిల్లల చేత పడిన ఏమగునో చెప్పనక్కరలేదు. ఠాణాకు తెలిపి, అనుమతి పొంది, పేలకుండ చేయించి, ప్రదర్శనశాలకీయుట మేలు. లేనిచో అప్పగింపుడు. కాని అప్పగించుటకు ముందు దాని కథ వ్రాయింపుడు.

మా తాతగారికి ఒక భర్మారు ఉండెను. ఆయుధములు తెచ్చి యిండని టముకు వేసిననాడు, పోయి ఇచ్చిన తన్నులు తప్పవని భయపడి, రాత్రివేళ దానిని పాడుబావిలో వేసెనట. ఎవరు చేసిరో, ఎంతకు కొనెనో ఆయన ఎన్నడును చెప్పలేదు. మేము అడుగను లేదు. దాని గజము మాత్రము ఇంట మిగిలినది. మా నాయనమ్మ ఏండ్ల తరబడి దానితో పొయ్యిలో నిప్పులు కదపెడిది.

కావున నా కోరిక ఇది. ఈ గ్రంథాలయమున ఒక రిజిస్టరు పెట్టుడు. తుపాకి, బల్లెము, కత్తి, ఏదైనను సరే. ఎవరిది, ఎవరు చేసిరి, దేనికి వాడిరి, ఎప్పుడు ఎక్కడ అప్పగించిరి, ముసలివారు చెప్పినది చెప్పినట్లు వ్రాయుడు. కావలసినది ఒక నోటుపుస్తకము, ఓపిక గల ఒక పిల్లవాడు. ఆయుధము ఇక్కడికి తేనక్కరలేదు, తేవలదు కూడ.

ఆ గజమును ఈ దినము సంచిలో తెచ్చితిని. అది ఆయుధము కాదు, భయపడకుడు. సభకు ముందే కార్యదర్శిగారు దానిని తీసికొని, క్రొత్త పుస్తకము తెరచి, మొదటి పంక్తిలో మా తాతగారి పేరు వ్రాసికొనిరి. కమ్మరి పేరు గడి మాత్రము ఖాళీగా నున్నది.